ఆషాఢంలో తేలిన నికాన్–సోనీ పంచాయితీ

పెళ్లి ఫోటోలు తీసేవాళ్లకు ఆషాఢమంటే ఖాళీ. సర్వీసింగులు, కొనడాలు, అమ్మడాలు అప్పుడే పెట్టుకుంటాం. నల్లగొండలో చిన్న స్టూడియో నడిపే నేను, నికాన్‌లోనే ఉండాలా, సోనీకి మారాలా అన్నది కూడా ఆ నెలలోనే తేల్చుకున్నాను.

నా నికాన్ డీ750 కెమెరా షట్టర్ కౌంట్, అంటే తీసిన ఫోటోల లెక్క, లక్ష దాటింది. కంపెనీ చెప్పే హద్దు లక్షా యాభై వేలు. ఎటూ లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాకు వెళ్లాల్సిందే. నికాన్‌లోనే ఉంటే పాత లెన్సులు పనికొస్తాయని అందరూ అంటారు. అసలు మెలిక అక్కడే ఉంది. నికాన్ మిర్రర్‌లెస్‌లను జెడ్ అంటారు. ఎఫ్‌టీజెడ్ అనే అడాప్టర్‌తో పాత లెన్సు జెడ్ బాడీకి బిగుస్తుంది, కానీ లెన్సులోనే మోటారు ఉంటే తప్ప ఆటోఫోకస్ రాదు. నా 85 ఎంఎం, 80-200 ఎంఎం లెన్సులు రెండూ డీ రకం, అంటే లోపల మోటారు లేనివి. డీ750లో వాటిని తిప్పే మోటారు బాడీలో ఉంది. జెడ్ బాడీలో లేదు, నికాన్ ఇచ్చే అడాప్టర్‌లోనూ లేదు. పూర్తిగా పనిచేసేది నా ఒక్క 24-70 లెన్సే.

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శిల్పాలు తీసేవాళ్లకు చేత్తో ఫోకస్ చేసుకోవడం హాయే. పెళ్లిలో అలా కుదరదు. జీలకర్ర బెల్లం పెట్టాక తెర తీస్తే పిల్లా పిల్లగాడు ఒకరినొకరు చూసుకునేది రెప్పపాటు. అప్పుడు నేను రింగు తిప్పుతూ నిలబడితే పెళ్లికూతురి నాన్న ఊరుకుంటాడా?

అంటే ఉన్నా, మారినా లెన్సులు కొనాల్సిందే. నికాన్ వైపు మిగిలిన గట్టి కారణం బ్యాటరీలే: డీ750వి జెడ్6 టూలోనూ పనిచేస్తాయి. ఇటు, నాకు పని నేర్పిన అన్న ఒక్క మాటన్నాడు: "తమ్మీ, ముహూర్తం రాత్రి లెన్స్ కింద పడితే నీ నికాన్‌కు ఎవడిస్తడు? ఇక్కడ మేమంత సోనీయే కదా."

ఆయన సోనీ ఏ7 త్రీ కెమెరా తీసుకెళ్లి మిర్యాలగూడలో ఒక పుట్టినరోజు తీశాను. పిల్లవాడు ఎంత ఉరికినా ఫోకస్ కన్ను వదల్లేదు. మెనూ మాత్రం చిరాకు, గ్రిప్ నా చేతికి చిన్నది. లెన్సు బిగించే దిక్కు కూడా నికాన్‌కు ఉల్టా. అయినా వాడిన ఏ7 త్రీ బాడీ ఒకటి కొన్నాను.

అమ్మడమే తలనొప్పి. కోఠిలో షాపువాళ్లు టార్చి వేసి లెన్సులో ఫంగస్ (బూజు) ఉందేమో చూసి, డీ లెన్సులకు చెప్పిన రేటు వింటే ఏడుపొచ్చింది. ఇక్కడే అమ్ముదామంటే, దేవరకొండ నుంచి ఒకతను నికాన్ డీ5300 కెమెరాతో వచ్చాడు. దాంట్లో మోటారు లేదు, నేనే వద్దని పంపించాను. చివరికి, బాడీలో మోటారున్న డీ7200 వాడే కుర్రాడు 80-200 తీసుకున్నాడు. 85 ఇంకా బీరువాలోనే ఉంది.

డీ750ని అమ్మలేదు, 24-70తో రెండో కెమెరాగా నడుస్తోంది. రెండింట్లోనూ కెల్విన్ (వెలుగు రంగును కొలిచే అంకె) ఒకటే పెట్టి, తర్వాత రంగు సరిచేసుకోవడానికి వీలుండే రా ఫైల్స్ తీస్తున్నాను. ఆల్బమ్‌లో చాలావరకు రంగు కలుస్తోంది, ఒక్క నలుగు ఫోటోల్లోనే పసుపు తేడాగా వస్తోంది. వాటిని విడిగా కూర్చుని సరిచేస్తున్నాను.