ఎల్‌ఎం3886తో మన ల్యాబ్‌లో చేసిన ఆంప్లిఫయర్

మన కాలేజీలో ఫైనలియర్ ప్రాజెక్టుకు ఏం చేద్దామంటే మా నలుగురిదీ ఒకటే మాట, ఆంప్లిఫయర్. అప్పట్లో మాకు తెలిసిన పవర్ ఆంప్లిఫయర్ అంటే 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, చుట్టూ బోలెడన్ని రెసిస్టర్లు. సారు మాత్రం నేషనల్ సెమీకండక్టర్ వాళ్ల ఎల్‌ఎం3886 అనే ఆంప్లిఫయర్ చిప్ డేటాషీట్ (దాని వివరాలన్నీ ఉండే పత్రం) జిరాక్స్ ఇచ్చి, "ముందు ఇది చదవండి, సోల్డరింగ్ సంగతి తర్వాత" అన్నారు.

అగ్గిపెట్టెకన్నా చిన్న ఐసీ (చిప్), 11 కాళ్లు. ప్లస్ 28, మైనస్ 28 వోల్టులిస్తే 4 ఓమ్‌ల స్పీకర్‌కు 68 వాట్లు ఇస్తుందని చదివి మురిసిపోయాం. సారు వెంటనే వేడి లెక్క వేయించారు. మొత్తం 56 వోల్టుల వర్గాన్ని, పై (3.14) వర్గానికి రెండు రెట్లను 4 ఓమ్‌లతో గుణించి వచ్చినదానితో భాగిస్తే దాదాపు 40. అంటే గరిష్ఠంగా 40 వాట్లు ఆ చిన్న ముక్కలోంచి వేడిగా బయటికి రావాలి! ఆ రోజు నుంచి మా దృష్టంతా ఆ వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మె, హీట్ సింక్ మీదే.

కోఠి గుజరాతీ గల్లీలో 20-0-20 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ (దాని ఏసీని డీసీగా మారిస్తే దాదాపు ప్లస్, మైనస్ 28 వోల్టులు వస్తాయి), ఫిల్టర్ కెపాసిటర్లు కొన్నాం. మేం తెచ్చిన రకంలో ఐసీ వెనకున్న లోహం మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. అందుకే కరెంటు పారనివ్వని మైకా ముక్క, వేడిని దాటించే తెల్ల పేస్టు పెట్టి బిగించి, హీట్ సింక్‌కు తగలడం లేదని మల్టీమీటర్‌తో చూశాకే పవర్ ఇచ్చాం. అదీ కరెంటు దారిలో వరసగా పెట్టిన సిరీస్ బల్బు మీదుగా. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే వైరింగ్‌లో షార్ట్ లేనట్టే. గ్రౌండ్ (సున్నా వోల్టుల) వైర్లన్నీ ఒక్క చోటే కలపాలని సారు పట్టుబట్టారు. దాంతో స్పీకర్‌కు చెవి ఆనిస్తే తప్ప హమ్మింగ్ (గుయ్యిమనే శబ్దం) వినపడలేదు.

నాకు బాగా గుర్తున్నది ఆ తర్వాతి పరీక్ష. సారు పెద్ద హీట్ సింక్ తీయించి, చిన్న అల్యూమినియం రేకు బిగింపించి, పాట పెట్టించారు. కాసేపటికి శబ్దం ఆగింది. మాకు టెన్షన్. కొద్దిసేపట్లో దానంతటదే మళ్లీ పాడింది. లోపల చిప్ 165 డిగ్రీలకు చేరితే ఆగుతుంది, 155 దాకా చల్లబడితే మళ్లీ మొదలవుతుంది. డేటాషీట్‌లో చదివిన వాక్యం చెవులతో విన్నాం. ఒక ల్యాబ్ క్లాసు ఇంతకన్నా ఏం నేర్పగలదు?

ఆ ఏడాది కాలేజీ డేకి పాటలన్నీ దాని మీదే.

ఇప్పుడు క్లాస్-డి చిప్‌లొచ్చి (లోపలి ట్రాన్సిస్టర్లు వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ పనిచేసేవి) వేడి బాగా తగ్గింది. టీపీఏ3116 లాంటిది అరచేతంత బోర్డులో రెండు ఛానెళ్లకూ చెరో 50 వాట్లు ఇస్తుంది. అయినా మన జూనియర్లు ముందు ఒక్క ఎల్‌ఎం3886 అయినా కట్టాలని నా కోరిక. చిప్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ నేను తెస్తాను. ల్యాబ్‌లో ఒక బల్ల ఇప్పించండి.