వైరు పీకితే ఆగిపోయే పాటల డబ్బా

చుట్టాల ఇళ్లకు వెళ్తే నాకు కాఫీతో పాటు ఓ పాటల డబ్బా, అదే ఛార్జింగ్ స్పీకరు, కూడా చేతికొస్తుంది. "వైరు పెడితే పాడుతోందిరా, పీకితే ఆగిపోతోంది, కొత్తది కొనేయమంటావా?" అని మా పిన్ని అడుగుతుంది. వద్దు పిన్నీ. వైరు పెట్టినప్పుడు పాడుతోందంటే స్పీకరు బాగుంది, బోర్డు బాగుంది, చాలాసార్లు పోయింది బ్యాటరీ ఒక్కటే. ఇంకొందరు చెప్పేది వేరేగా ఉంటుంది: సౌండు తక్కువ పెడితే బాగానే పాడుతుంది, పెంచగానే ఠక్కున ఆగిపోతుంది. అదీ బ్యాటరీయే. బ్యాటరీ సెల్ పాతబడేకొద్దీ లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు, పెరుగుతుంది, పాటలో డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా సౌండు పెంచే ఆంప్లిఫయర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు వోల్టేజి జారిపోయి బోర్డు ఆఫ్ అయిపోతుంది. ఇలాంటి డబ్బాలు ఎన్ని చెత్తబుట్టలోకి పోతున్నాయో తలచుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మన బజార్లో దొరికే చిన్న ఎఫ్‌ఎం, పెన్‌డ్రైవ్ స్పీకర్ల వెనక మూత తీస్తే చాలావాటిలో కనిపించేది బీఎల్-5సీ, అంటే పాత నోకియా ఫోన్ల బ్యాటరీ. 2007లో దీని గురించి జనం ఎంత టెన్షన్ పడ్డారో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. జపాన్ కంపెనీ మత్సుషిత తయారుచేసిన 4.6 కోట్ల బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉందనీ, అడిగినవాళ్లకు ఉచితంగా మార్చిస్తామనీ నోకియానే ప్రకటించింది. ఆ ఫోన్లు పోయాయి, బ్యాటరీ కొలత మాత్రం మన పాటల డబ్బాల్లో ఇంకా బతికే ఉంది. దీన్ని మార్చడానికి సోల్డరింగ్ కూడా అక్కర్లేదు, గోటితో పైకి లేపి కొత్తది పెట్టేయడమే.

కాస్త పెద్ద స్పీకర్లలో గుండ్రటి 18650 సెల్స్ ఉంటాయి. పేరులోనే కొలత ఉంది, 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. పల్చటి బ్లూటూత్ స్పీకర్లలో, పాటల ప్లేయర్లలో వెండి రంగు కవరులో చుట్టిన మెత్తటి పౌచ్ సెల్ వస్తుంది. దాని మీద 503040 లాంటి అంకెలుంటాయి, 5 మిల్లీమీటర్ల మందం, 30 వెడల్పు, 40 పొడవు అని చదువుకోవాలి. ఆ అంకెలు రాసుకుని వెళ్తే చాలు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే కోఠి గుజరాతీ గల్లీ ఎలాగూ ఉంది.

కొనేటప్పుడు మోసం ఎక్కడ జరుగుతుందంటే ఎంఏహెచ్ దగ్గర, అంటే బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె దగ్గర. 18650 మీద 9800 అని అచ్చు వేసి అమ్ముతుంటారు, అది పచ్చి అబద్ధం, ఆ సైజులో మంచి కంపెనీ సెల్‌కు 3500 వస్తే గొప్ప. చేతిలో పెట్టుకుని చూడండి, అసలు సెల్ 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, నకిలీది తేలిగ్గా తగులుతుంది. బీఎల్-5సీ అయితే అసలుది వెయ్యి చిల్లర మాత్రమే, కాబట్టి అదే సైజులో మూడు వేలంటే నమ్మకండి. నేనైతే పెద్ద అంకె కనిపిస్తే ఆ షాపులో ఇంకేమీ కొనను.

అసలు చూడాల్సింది వోల్టేజి. దాన్ని కొలిచే ఓ మామూలు మల్టీమీటరు కొనుక్కోండి. నిండుగా ఉన్న లిథియం అయాన్ సెల్ 4.2 వోల్టులు చూపిస్తుంది, 3 దగ్గరికి వచ్చిందంటే ఖాళీ అయినట్టే, పైన అచ్చువేసిన 3.7 ఈ రెంటి మధ్య సగటులాంటిది. ఏళ్ల తరబడి బీరువాలో పడి 2 వోల్టుల కిందికి దిగిపోయిన సెల్‌ను "షాక్ ఇచ్చి లేపడం" వీడియోల్లో చూపిస్తుంటారు, ఆ పని చేయకండి. అంత కిందికి దిగితే లోపలి రాగి రేకు కరగొచ్చు, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ కావచ్చు. కాకపోతే సెల్‌ను కాపాడే చిన్న ప్రొటెక్షన్ బోర్డు కరెంటు కట్ చేసినా మీటరు సున్నా చూపిస్తుంది, అందుకని సెల్ కొనల దగ్గరే కొలిచి చూడండి. ఇంకోటి, కొన్ని సోలార్ లైట్లలో వచ్చే 3.2 వోల్టుల సెల్ సరిగ్గా సరిపోయిందని స్పీకర్లో పెట్టకండి. అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, దాన్ని 3.65 దగ్గర ఆపాలి, స్పీకరు బోర్డేమో 4.2 దాకా ఎక్కిస్తూనే ఉంటుంది.

మార్చేటప్పుడు రెండు వైర్లనూ ఒకేసారి కత్తెరతో కత్తిరించొద్దు, కత్తెర ఇనుమే కదా, షార్ట్ అయి నిప్పురవ్వలొస్తాయి. ఒక్కోటి కత్తిరించి కొనకు టేపు చుట్టాలి. కొత్త బ్యాటరీకి ఎరుపు నలుపు వైర్లు, తెల్ల కనెక్టరు ఉన్నాయి కదా అని గుడ్డిగా గుచ్చేయకండి, ఎరుపు ఏ వైపు రావాలన్నది కంపెనీకో తీరుగా ఉంటుంది, మీటరు పెట్టి ప్లస్సు ఎటుందో చూశాకే గుచ్చండి. మూడో వైరు ఉందంటే చాలాసార్లు వేడి కొలిచే థర్మిస్టర్‌ది, అది లేకపోతే కొన్ని బోర్డులు ఛార్జింగే మొదలుపెట్టవు. సెల్ ఒంటి మీద నేరుగా టంకం వేయకండి, ఆ వేడికి లోపలి పొర పాడవుతుంది, నికెల్ పట్టీ అతికించిన సెల్స్ అడిగి తెచ్చుకోండి. రెండు మూడు సెల్స్ పక్కపక్కన కలిపి ఉంటే అన్నీ ఒకే రకానివి, ఒకే వోల్టేజి ఉన్నవి చూసి ఒకేసారి మార్చాలి.

ఛార్జర్ విషయంలో జనం భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట. ఫోను ఫాస్ట్ ఛార్జర్ పెడితే స్పీకరు కాలిపోతుందని భయపడతారు, కానీ ఎంత కరెంటు తీసుకోవాలో తేల్చేది స్పీకరు లోపలి ఛార్జింగ్ ఐసీ, అంటే చిప్. మొదట ఒకే కరెంటుతో 4.2 వోల్టుల దాకా ఎక్కించి, తర్వాత వోల్టేజి అక్కడే ఉంచి కరెంటు తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తుంది. అసలు ప్రమాదం మనమే బయట నుంచి టీపీ4056 అనే చిన్న ఛార్జింగ్ బోర్డు తెచ్చి అతికించినప్పుడు. అందులో మామూలుగా 1.2 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది, అంటే ఛార్జింగ్ కరెంటు 1 ఆంపియర్. 500 ఎంఏహెచ్ పౌచ్‌కు అది చాలా ఎక్కువ, ఆ రెసిస్టర్ తీసి 5 కిలో ఓమ్స్ వేస్తే 250 మిల్లీ ఆంపియర్ల దగ్గరికి దిగుతుంది. "టైప్-సి పెట్టినా ఛార్జ్ అవట్లేదు" అంటే బ్యాటరీని తిట్టకముందు కేబుల్ మార్చి చూడండి. చవక స్పీకర్లలో టైప్-సి సాకెట్‌కు ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు వేయరు, అందుకే రెండు వైపులా సి ఉన్న కేబుల్‌తో కరెంటు రాదు, పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో వస్తుంది.

పూజగదిలో రోజంతా ప్లగ్‌లోనే ఉండే స్పీకర్ల బ్యాటరీలు తొందరగా ఉబ్బుతాయి. ఎప్పుడూ 4.2 దగ్గరే ఉండటం, దానికి తోడు వేడి, ఈ రెండూ కలిస్తే లిథియానికి పడదు. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడమైతే చెప్పనే అక్కర్లేదు. "పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టాలి" అన్న మాట పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది, వీటికి వర్తించదు. కొన్ని నెలలు వాడనంటే సగం ఛార్జ్‌తో చల్లటి చోట పెట్టండి.

ఉబ్బిన బ్యాటరీకి సూదితో గుచ్చి గాలి తీసేవాళ్లను చూశాను. లోపల ఉన్నది మండే వాయువు అండీ! కొనలకు టేపు వేసి, మండే సామాన్లకు దూరంగా ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. 2022 నుంచి అమల్లో ఉన్న బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి సేకరించే బాధ్యత తయారీదారులదే.

చెవిలో పెట్టుకునే చిన్న ఇయర్‌బడ్స్ బ్యాటరీ మారుస్తావా అని అడుగుతుంటారు. వాటిని పెట్టి ఛార్జ్ చేసే కేసు బ్యాటరీ అయితే సరే, తెచ్చివ్వండి. బడ్స్ జోలికి మాత్రం నేను పోను, బిళ్లంత సెల్‌ను జిగురుతో అంటించి మూత మూసేస్తారు, విప్పితే మళ్లీ సరిగ్గా అతుక్కోదు, పైగా చెవిలో పెట్టుకునే వస్తువు.