రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయకండి

మొన్న మే నెలలో నల్గొండ నుంచి దేవరకొండకు పెళ్ళికి పోతున్నాం, కొండమల్లేపల్లి ఇంకా రానేలేదు, టెంపరేచర్ ముల్లు పైకి లేచి ఎర్రగీతను తాకింది. మాది 2009 మోడల్ పెట్రోల్ సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఏసీ బంద్ చేసి, బండిని వేపచెట్టు కిందికి తీసి ఇంజన్ ఆపేశాను. అమ్మను అటుగా వచ్చిన బస్సు ఎక్కించాను. ఇంజన్ నీళ్ళను చల్లబరిచే రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోలేదు. దయచేసి మీరూ ముట్టుకోకండి, వేడి మీద తీస్తే ప్రెషర్‌లో ఉన్న నీళ్ళు ఆవిరితో సహా మొహం మీదికే ఎగజిమ్ముతాయి.

గంట తర్వాత తీసి చూస్తే ఇటుకపొడి కలిపినట్టు ఎర్రటి నీళ్ళు. నల్గొండ తెచ్చి రేడియేటర్ విప్పిస్తే లోపలి సన్నగొట్టాలు సగానికి పైగా సున్నంతో పూడిపోయి ఉన్నాయి. నీళ్ళు తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్ళే పోసింది నేనే. మన దగ్గర బోరు నీళ్ళకు బకెట్ల అంచులు తెల్లబడతాయి, గీజర్ కాయిల్‌కు రాయి కడుతుంది, అవే నీళ్ళు ఇంజన్‌లో 90 డిగ్రీల వేడి మీద ఏళ్ళ తరబడి తిరిగితే ఏమవుతుందో నాకెందుకు తట్టలేదో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. అంతకుముందు వేరే మెకానిక్ "మన ఎండలకు ఇది అక్కర్లేదన్నా" అని థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు, పీకేశాడు. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, అప్పటిదాకా పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. మైలేజీ పడిపోయిందని నేను ప్లగ్గులు మార్పించాను, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను, అసలు కారణం ఇదని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు కొత్త రేడియేటర్, కొత్త థర్మోస్టాట్ వేయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించాను. కూలెంట్ చలిదేశాల వాళ్ళకే అనుకునేవాణ్ణి, కానీ అది తుప్పు పట్టనివ్వదు, నీళ్ళను తొందరగా మరగనివ్వదు కూడా.

పాత బండికి మిగతా రోగాలు చాలావరకు చప్పుడు చేసి చెబుతాయి. గుంతల్లో టకటకమంటే ముందు చక్రాలను పట్టుకునే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్షులు, ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ వణికితే ఎక్కువసార్లు ఇంజన్‌ను బిగించి ఉంచే రబ్బరు మౌంటింగ్. ఇంజన్‌లో వాల్వులను సరైన సమయానికి తిప్పే టైమింగ్ బెల్ట్ మాత్రం చెప్పకుండానే తెగొచ్చు, తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి. ఎప్పుడు మార్చారో పాత ఓనరు చెప్పలేకపోతే వెంటనే మార్పించేయండి.

సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి పోతే పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పోండి. రేడియేటర్ మూత తీసి నీళ్ళ రంగు చూడండి. ఆయిల్ మూత అడుగున పాలు కలిపిన టీ రంగులో జిగట కనిపిస్తే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నాయేమో, ఇంజన్ బ్లాక్‌కు, పైన ఉండే హెడ్‌కు మధ్య సీలు వేసే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో అని అనుమానించాల్సిందే, మెకానిక్‌కు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వకండి. నా డిక్కీలో ఇప్పుడు స్టెప్నీ పక్కనే ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఉంటోంది.