అమ్మమ్మ ఇన్సులిన్‌లో లంకలు

ఇన్సులిన్ పుట్టింది తమ ఊళ్లోనేనని టొరంటో పిల్లలకి బళ్లో చెప్తారు. 1921, దాన్ని కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్, నోబెల్ బహుమతి అన్నీ మా అమ్మాయికి కంఠతా వచ్చు. ఆ మందే కోనసీమలో షుగరున్న వాళ్ల అమ్మమ్మని నిలబెడుతోందన్న సంగతి మాత్రం ఏ పాఠంలోనూ ఉండదు. ఆ ముడి వేయాల్సింది మేమే.

మాకు రాత్రయ్యేసరికి అక్కడ తెల్లారుతుంది. వీడియో కాల్‌లో అమ్మ ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, అడుగున పేరుకున్న తెల్లటి మందు కలిసేలా రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తుంది. పొట్ట మీద చర్మం పట్టుకుని సూది వేసుకుంటుంది. అరగంట ఆగి ఇడ్లీ తింటుంది. అది చూస్తూనే అమ్మాయి అడిగింది, ఈ పేరెలా వచ్చిందని.

1869లో లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి క్లోమాన్ని మైక్రోస్కోపులో చూస్తుంటే, అక్కడక్కడా వేరే రకం కణాల గుంపులు కనబడ్డాయి. అవేం చేస్తాయో అతనికి తెలీదు. 1893లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాగెస్ వాటిని లాంగర్‌హాన్స్ ద్వీపాలన్నాడు. లాటిన్‌లో ద్వీపాన్ని ఇన్సులా అంటారు. ఆ ద్వీపాల్లో ఊరే పదార్థం ఎవరి చేతికీ చిక్కకముందే, 1909లో, బెల్జియంకి చెందిన ద మేయర్ దానికి ఇన్సులిన్ అని పేరు పెట్టేశాడు. బాంటింగ్, బెస్ట్ మొదట, ఇంగ్లీషులో చిన్న ద్వీపాన్ని ఐలెట్ అంటారు కాబట్టి, ఐలెటిన్ అనుకున్నారు. ల్యాబ్ పెద్ద మెక్లియోడ్ లాటిన్ పేరే ఖాయం చేశాడు.

తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఈ ద్వీపాలని పుటికలంటారు. నాకది నచ్చదు. గోదారి పాయల మధ్య పుట్టినవాళ్లకి లంక అనే మాట ఉంది కదా! అమ్మది లంక గ్రామమే. చుట్టూ నీళ్లు, మధ్యలో కొబ్బరితోటలు, వరదొస్తే పడవే దిక్కు. "క్లోమంలో లంకలుంటాయి, వాటిలో ఊరేదే ఇన్సులిన్" అన్నాను. పంటు మీద గోదారి దాటిన పిల్ల, ఇంకేం విడమరచక్కర్లేకపోయింది.

ఇక అమ్మమ్మకి పాఠం మొదలెట్టింది. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి వేసిన మొదటి సూది అంతగా పనిచేయలేదనీ, వాళ్ల జట్టులోని కాలిప్ శుద్ధి చేసిన మందు 12 రోజుల తర్వాత పనిచేసిందనీ, బాంటింగ్, బెస్ట్, కాలిప్ పేటెంటుని టొరంటో యూనివర్సిటీకి తలా ఒక్క డాలరుకే ఇచ్చేశారనీ చెప్పింది.

"మహానుభావులు" అంది అమ్మ. "మరి ఆ పిల్లాడు బతికాడా?"

"ఇంకో పదమూడేళ్లు బతికాడు అమ్మమ్మా."