గడ్డి మిషనూ, మా ఆయనా, ఒక ఆదివారం

ఈరోజు మా పొలంలో గడ్డి కోత. అంటే కోయాలనుకున్నాం.

శ్రీకాకుళం జిల్లాలో పాతపట్నం దాటి కాస్త పోతే ఒరిస్సా వచ్చేస్తుంది కదా, ఆ చివర్న కొన్నాం ఈ ఎకరం. ఒకప్పుడు ఇదంతా జీడి తోటట, 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి చెట్లన్నీ పడిపోతే పైన ఉన్నది నరికి పట్టుకుపోయారు, మొదళ్ళు అలాగే వదిలేశారు. మేం ఎండాకాలంలో కొన్నాం, అప్పుడు నేలంతా శుభ్రంగా కనిపించింది, మొదళ్ళు ఎక్కడెక్కడున్నాయో గుర్తు పెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది చెప్పండి. వానలు పడ్డాక తుంగా దర్భా వయ్యారిభామా పోటీలు పడి లేచిపోయి మేం వేసిన మామిడంట్లు మాకే కనబడ్డం మానేశాయి. కూలి మనుషుల్ని పెడదాం అన్నాను. మా ఆయన యూట్యూబ్‌లో ఎవరో అరగంటలో అరెకరం నవ్వుతూ కోసేయడం చూసేసి ఉన్నారు, ఇంక వింటారా.

మిషన్, అదే భుజానికి తగిలించుకుని ఊపుకుంటూ గడ్డి కోసే బ్రష్ కట్టర్, పర్లాకిమిడిలో కొన్నాం. పెట్రోలు కూడా అక్కడిదే, ఒరిస్సా బంకుల్లో మన వైపుకంటే రేటు తక్కువ కాబట్టి ఇక్కడ బండి ఉన్న ప్రతివాడూ చేసే పనే అది. షాపాయన సగం ఒరియా సగం తెలుగులో అన్నీ చెప్పాడు, లీటరు పెట్రోల్లో 40 మిల్లీ టూటీ ఆయిల్ (ఇలాంటి చిన్న ఇంజన్లకి వాడేది) కలపాలి, చోక్ వేసి తాడు లాగాలి, స్టార్టయ్యాక చోక్ తీసేయాలి అని. ఏం అడిగినా చివర్న "హెబొ, హెబొ" (అవుతుంది, అవుతుంది) అనేవాడు, మా ఆయనకి అదే ధైర్యం ఇచ్చినట్టుంది.

కొత్త మిషన్ కదా, కాస్త ఎక్కువ తాగితే ఆరోగ్యం అని ఆయిల్ దాదాపు రెట్టింపు పోశారు. నేను కళ్ళారా చూశాను, మాట్లాడలేదు, మాట్లాడితే పెళ్ళైన కొత్తలో నేను కాఫీలో వేసిన ఉప్పు దగ్గర్నుంచీ మొదలవుతుంది. తాడు లాగారు, లాగారు, లాగారు, చొక్కా తడిసిపోయింది, చివరికి స్టార్టయింది, అయ్యీ అవ్వగానే తెల్లటి పొగ ఎంత వచ్చిందంటే మనిషి కనబడలేదు. పక్క చేను మావ గట్టు మీద కూచుని వేపపుల్ల నములుతూ "ఏటి బాబూ, గడ్డి కోస్తన్నావా, దోమలకి మందు కొడతన్నావా" అన్నాడు. ఆయిల్ ఎక్కువైతే పొగే కాదు, ప్లగ్గు కూడా నల్లగా మాడిపోయి మిషన్ ఊరికూరికే ఆగిపోతుంది. ప్లగ్గు విప్పడం, లుంగీకి తుడవడం, మళ్ళీ బిగించడం, పొద్దున్నంతా ఇదే కోత.

మధ్యలో నడిచిన కాసేపూ ఇంకో గొడవ. దాని తల ఎడమ వైపుకి తిరుగుతుంది కాబట్టి కుడి నుంచి ఎడమకి ఊపుకుంటూ పోవాలి, అప్పుడు తెగిన గడ్డి కోసేసిన వైపు పడుతుంది. మా ఆయన ఎడం నుంచి కుడికి ఊపారు. తెగిందంతా వెళ్ళి కొయ్యని గడ్డి మీద పడి, అది దానికి చుట్టుకుని, ఆ రెండూ కలిసి మిషన్ తలకి చుట్టుకుని... మావ అప్పటికి వేపపుల్ల పక్కన పెట్టేశాడు, నవ్వడానికి అడ్డమొస్తోందని.

తర్వాత ఠప్ మని ఒక జీడి మొదలు తగిలింది. మిషన్ తలలో గిర్రున తిరుగుతూ గడ్డి కోసే నైలాన్ తాడు తెగిపోయింది. కొత్తది చుట్టారు, ఇంకో మొదలు. ఒకప్పటి తోట ఎక్కడెక్కడుండేదో ఇప్పుడు మా దగ్గర పక్కా లెక్క ఉంది. మామిడంట్లలో ఒకటి కూడా పోయింది, అది గడ్డేమో అనుకున్నారట, ఆకులు చూస్తే తెలీదా అంటే పొగలో ఏం కనిపిస్తుంది అన్నారు. అదీ నిజమే.

తీతువు పిట్ట ఒకటి నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు, గుడ్లు నేల మీదే పెడతాయి కదా అవి. ఆ మూల వదిలేయమన్నాను. మా ఆయన ఎంత తొందరగా ఒప్పుకున్నారంటే నాకే అనుమానం వచ్చింది.

మధ్యాహ్నానికి మావ గేదెని తోలుకొచ్చాడు, కోసిన గడ్డి ఊరికే పోవడం ఎందుకని. అది మూతి పెట్టి వాసన చూసి తల తిప్పేసుకుంది. పెట్రోలు కంపు. "నా గేది కూడా మీ గడ్డి తినదు బాబూ, రేపు మా ఆడోలు కొడవళ్ళు పట్టుకొస్తారు, కోసుకున్న మోపు మాది, ఖాళీ అయిన నేల మీది" అని బేరం మావే తేల్చేశాడు. నేను వెంటనే సరే అనేశాను. మా ఆయన మిషన్ తుడుచుకుంటున్నారు, విననట్టే ఉన్నారు.

సాయంత్రం చూసుకుంటే కోసింది ఓ నాలుగు సెంట్లు ఉంటుందేమో. ఆ నాలుగు సెంట్లూ మాత్రమే పడేలా వంగి, మోకాళ్ళ మీద కూచుని, ఒక ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. మా ఆడపడుచు "ఎకరం మొత్తం అయిపోయిందా అన్నయ్యా, సూపర్" అని పెట్టింది. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టి ఫోను బోర్లించేసి, నడుం నొప్పికి మందుందా అని అడుగుతున్నారు.