కట్టించేవాళ్లు దొరుకుతారు, ఏటా సున్నం వేయించేవాళ్లేరీ?

ఈ రోజు బడ్జెట్ మీటింగ్. వచ్చే విద్యా సంవత్సరానికి క్యాంపస్‌లో ఏం కట్టాలి, ఏవి బాగుచేయించాలి, డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి, ఇవన్నీ తేల్చాలి. నేను ఫైళ్లు సర్దుకుంటూ ఉంటే మేస్త్రీ వచ్చి, "ముందు ఇది చూడండి సార్, ఆ తర్వాత మీరేమైనా మాట్లాడుకోండి" అని బాయ్స్ హాస్టల్ వెనక్కి తీసుకెళ్లాడు. సెప్టిక్ ట్యాంకు మూత పక్క నుంచి నీళ్లు ఉబికి కానుగచెట్ల కిందికి పోతున్నాయి. వాసన సంగతి రాయను. అప్పటికింకా టిఫిన్ కూడా కాలేదు.

ఆ ట్యాంకు కట్టినప్పుడు మా బడిలో పిల్లలు నూట అరవై మంది. ఇప్పుడు నాలుగు వందలు. డే స్కూలైతే పిల్లవాడికి రోజుకి 45 లీటర్ల నీళ్లు చాలు, హాస్టలున్న బడికి 135 లెక్కేసుకోవాలని మన దేశ ప్రమాణం. ఆ లెక్కన మాకు రోజుకి 54,000 లీటర్లు కావాలి. వేసవిలో అంత ఏనాడూ ఇవ్వలేదు లెండి, రాయలసీమలో బోర్లకి అంత ఓపిక ఉండదు. ఇచ్చినదాంట్లో మాత్రం ఎనభై శాతం దాకా మురుగై బయటికి వస్తుంది. పిల్లలు పెరిగేకొద్దీ గదులు కట్టాం, మంచాలు వేశాం, ట్యాంకు జోలికి ఎవరూ పోలేదు.

మీటింగులో మొదటి అంశమే ఆడిటోరియం. పాతికేళ్ల కిందట టెన్త్ పాసైన బ్యాచ్ వాళ్లు మూడు కోట్లు పోగుచేసి ఇస్తామంటున్నారు. సగం మంది అమెరికాలో ఉన్నారు, మిగతావాళ్లు హైదరాబాద్, బెంగళూరు. కార్యదర్శి గారు నా చేతిలోని మురుగు ఫోటోలు చూసి, "ఆ డబ్బుతో ముందు ఇది చేయిద్దాం. హాలు తర్వాత చూసుకోవచ్చు, వాళ్లకి నచ్చజెబుదాం" అన్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ కూడా అవునన్నారు. దాతలందరికీ పేరు కావాలి, పని ఎవరికీ అక్కర్లేదు అని ఆవిడకి ఎప్పటి నుంచో కోపం. గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు చూసి మనమంతా నవ్వుకున్నవాళ్లమే కదా.

నాకు మాత్రం ఆ మాట సరిగ్గా అనిపించలేదు. హాలు కోసం ఇచ్చిన డబ్బు హాలుకే పెట్టాలి. రాతపూర్వకంగా ఫలానా పనికని ఇచ్చాక దాన్ని వేరే దానికి వాడితే రేపు ఆడిటర్ అడుగుతాడు, అది అలా ఉంచండి. అసలు మురుగు కాలువకి దానం అడగడమే తప్పని నా అభిప్రాయం. రోజూ వాడేది, రోజూ పాడయ్యేది ఫీజులోంచే రావాలి. ఫీజులోంచి రాలేదంటే మనం చెప్పే ఫీజు నిజమైన ఫీజు కాదు, ఖర్చులో కొంత దాచిపెట్టి చెబుతున్నామన్నమాట. పాత పిల్లల దగ్గర చెయ్యి చాచి ఇప్పటి పిల్లల తల్లిదండ్రులకి ఫీజు తక్కువని చూపించడం ఎందుకు?

ఇంజినీరు వేసిన ఎస్టిమేట్ అరవై లక్షలు. కొత్త పైపులైన్లు, పెద్ద ట్యాంకులు, చివర్లో కంకర పరిచి మెట్టతామర మొక్కలు పెంచే మడులు. మొక్కల వేళ్ల మధ్య వడకట్టుకుని వచ్చిన నీళ్లు మామిడి తోటకి పోతాయి. కరెంటు ఖర్చు తక్కువ, అందుకే నాకు నచ్చింది. మోటార్ల మీద నడిచే ప్లాంటు పెడితే అది చెడిపోయిన రోజు మెకానిక్ బెంగళూరు నుంచి రావాలి. అరవై లక్షలని నాలుగు వందల మందికి పంచితే తలకి పదిహేను వేలు. మూడేళ్లకి సర్దితే ఏడాదికి ఐదు వేలు. "బడ్జెట్ కాగితం మీద ఆ పేరుతోనే విడిగా చూపిద్దాం, డెవలప్‌మెంట్ ఫీజు అని ముసుగెయ్యొద్దు" అన్నాను. పేరెంట్స్ గొడవ చేస్తారని మేడమ్ టెన్షన్. చేస్తారు. నెలనెలా చూడ్డానికి వచ్చినప్పుడు వాళ్లు అడిగేది ఏసీ డార్మిటరీ ఎప్పుడని. పిల్లలు అడిగేది వేడినీళ్లు. బాత్రూము వెనక ఏం జరుగుతోందో అటు వాళ్లూ అడగరు, ఇటు వీళ్లూ అడగరు.

ఈ మూడేళ్ల సర్దుబాటులో ఒక చిక్కుంది. మా బడిని నడిపేది ట్రస్టు. పన్ను మినహాయింపు నిలవాలంటే ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఆ సంవత్సరమే ఖర్చు పెట్టాలని ఆదాయపు పన్ను చట్టం. మిగిల్చి దాచుకోవాలంటే ఏ పనికో చెప్పి ఫారం దాఖలు చేయాలి, ఐదేళ్లలో వాడెయ్యాలి. లాభం కోసం నడిచే కంపెనీ పన్ను కట్టాక ఎన్నేళ్లైనా దాచుకోవచ్చు, మేము దాచుకుంటే సంజాయిషీ. అయినా ఈ పనికి మూడేళ్లు చాలు కాబట్టి ఇబ్బంది లేదని ఆడిటర్ గారు ఫోన్‌లో చెప్పారు.

మరి హాలు సంగతి? దాతలు పేరు కోరుకుంటే నాకు అభ్యంతరం లేదు, గోడ మీద ఎంత పెద్ద అక్షరాలైనా రాసుకోవచ్చు. నా భయమల్లా కట్టిన తర్వాతి ముప్పై ఏళ్ల గురించి. హాలు ఒకసారి కడతారు, సున్నం మాత్రం ఏటేటా వేయించాలి. స్టేజీ చెక్క, ఫ్యాన్లు, సౌండ్ సిస్టమ్, పైకప్పు లీకులు, పావురాలు (పావురాల ఖర్చు ఏ ఎస్టిమేట్‌లోనూ ఉండదు). కట్టుబడి ఖర్చులో ఏడాదికి ఒక శాతం ఈ పనులకి పక్కన పెట్టాలని నా లెక్క. అది ఎవరిస్తారు? మళ్లీ ఫీజే. అంటే పాత బ్యాచ్ వాళ్లు మూడు కోట్లు ఇస్తున్నట్టే ఉంటుంది కానీ రాబోయే పిల్లల మీద ఒక ఖర్చు కూడా పెట్టి వెళ్తున్నారు.

దీనికి దారి మన గుళ్లలో ఎప్పటి నుంచో ఉంది. శాశ్వత పూజ అంటాం కదా, కొంత సొమ్ము కడితే అసలు కదపకుండా వడ్డీతో ఏటా మన పేరున అర్చన చేస్తారు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం కూడా దాతల సొమ్ము డిపాజిట్ చేసి వచ్చే వడ్డీ మీద నిలబడిందే. హాలుకీ అలాగే ఒక కార్పస్, అంటే అసలు ముట్టుకోని నిధి, పెడదాం అన్నాను. మూడు కోట్లలో నలభై లక్షలు డిపాజిట్. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి రెండు లక్షల ఎనభై వేలు. మిగిలిన రెండు కోట్ల అరవైలో, కట్టుబడి ఖర్చు మీద పడే పద్దెనిమిది శాతం జీఎస్టీకే దాదాపు నలభై లక్షలు పోతుంది. పిల్లల ఫీజు మీద జీఎస్టీ లేదు కాబట్టి మేము కట్టిన పన్ను ఎక్కడా తిరిగి రాదు, చివరి రూపాయి దాకా మా మీదే. కట్టడానికి మిగిలేది రెండు కోట్ల ఇరవై. దాని మీద ఒక శాతమంటే రెండు లక్షల ఇరవై వేలు. వడ్డీలో మిగిలిన అరవై వేలు మళ్లీ అసల్లో కలిపితే ధరలు పెరిగినా కొంత తట్టుకుంటుంది. కార్యదర్శి గారు కాలిక్యులేటర్ తీసి మళ్లీ వేసుకున్నారు. ఆయనకి నా లెక్కల మీద నమ్మకం లేక కాదు, అలవాటు.

హాలు పైకప్పు మీద పడే వాననీళ్లు పట్టుకుందాం, నీటి కష్టం తీరుతుందని మేడమ్ అన్నారు. వెయ్యి చదరపు మీటర్ల కప్పు, మా వైపు వర్షం ఏడాదికి 550 మిల్లీమీటర్లనుకుంటే, పోయింది పోగా చేతికొచ్చేది నాలుగు లక్షల నలభై వేల లీటర్లు. ఎనిమిది రోజుల వాడకం. ఏడాది మొత్తానికి! పట్టుకోవాలి, కాదనను. కానీ నీటి కష్టం తీరేది గుట్ట మీద చెట్లు, కింద ఊటకుంట ఉంటేనే. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో ఒకప్పుడు బోడిగా ఉన్న చోట ఏళ్ల తరబడి చెట్లు పెంచారు, 1991లో ఆ లోయని పక్షుల రక్షిత ప్రాంతంగా కూడా ప్రకటించారు. ఆ పనికి ఒక్క బ్యాచ్ డబ్బు సరిపోదు, ఎన్నో బ్యాచ్‌ల ఓపిక కావాలి.

హాస్టల్‌కి రెండో వైపు మెట్లు కట్టడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. 2004లో తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో ఒక బడిలో మంటలకి 94 మంది పిల్లలు పోయాక, 2009లో సుప్రీంకోర్టు బళ్లన్నిటికీ అగ్నిప్రమాద జాగ్రత్తలు తప్పనిసరి చేసింది. మెట్లు వేసవి సెలవుల్లో మొదలవుతాయి. అయితే వరండా చివర గ్రిల్లుకి రాత్రి తాళం వేసి, తాళంచెవి వార్డెన్ తన గదిలో పెట్టుకుంటున్నాడని మీటింగులోనే బయటపడింది. కొత్త మెట్లు వచ్చేది ఆ గ్రిల్లు అవతలే. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఈ రాత్రి నుంచే తాళం వద్దని మేడమ్ అక్కడికక్కడే ఫోన్ చేశారు.

ఇంకో తంటా, కట్టేది ఎప్పుడు? పిల్లలు ఇళ్లకి వెళ్లేది ఏప్రిల్ చివర్లో, వచ్చేది జూన్‌లో. సందడి లేకుండా పనిచేసుకోవడానికి అదొక్కటే సమయం. సరిగ్గా అప్పుడే బోర్లు ఎండుతాయి, శ్లాబుకి క్యూరింగ్ చేయడానికి, అంటే గట్టిపడేదాకా తడుపుతూ ఉండడానికి, నీళ్లుండవు. అందుకే పైపులూ మెట్లూ వేసవిలో, హాలు శ్లాబు మాత్రం వానలు పడ్డాక అని రాసుకున్నాం. కాంట్రాక్టర్ మొహం మాడింది.

సాయంత్రం డాలస్ నుంచి బ్యాచ్ లీడర్ ఫోన్ చేశాడు. ముందు పాస్‌పోర్టుల సంగతి చెప్పాను. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఎక్కడున్నా బ్యాంకు ద్వారా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళమే, విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన రిజిస్ట్రేషన్ మాకు లేదు, తీసుకోలేం. "అయితే మూడు కోట్లు రావు సార్" అన్నాడు దిగులుగా. ఎంతమంది ఏ పాస్‌పోర్టో ఆదివారంలోగా లిస్టు పంపమన్నాను. తర్వాత కార్పస్ మాట ఎత్తాను.

"ఇంకో నలభై లక్షలు అడిగితే గ్రూపులో యుద్ధమే సార్."

"ఇంకో నలభై కాదురా. ఇచ్చేదాంట్లోనే. హాలు కాస్త చిన్నదవుతుంది, అంతే."

కాసేపు ఆలోచించి, "ఎన్ని కుర్చీలు తగ్గుతాయో చెప్పండి, ఓటింగ్ పెడతాను" అన్నాడు. ఇంజినీరుకి మెసేజ్ పెట్టాను. బాల్కనీ తీసేస్తే సరిపోతుందని వెంటనే జవాబు, రేపు డ్రాయింగ్ పంపుతాడట.