గంగమ్మ కథను మెటల్‌లో పాడాను: నా అనుభవం

హెవీ మెటల్ (బరువైన గిటార్లు, డ్రమ్ములతో సాగే రాక్ సంగీతం) బ్యాండులో పాడేవాడు సొంతంగా ఆల్బమ్ చేస్తున్నానంటే అందరూ మొదట అడిగేది "బ్యాండుతో గొడవైందా?" అనే. నాకు గొడవేమీ కాలేదు. బెంగళూరులో మేం నలుగురం చాలా ఏళ్ళు కలిసి వాయించాం, పాటలన్నీ ఇంగ్లీషులోనే. తర్వాత ఇద్దరు ఉద్యోగాల మీద విదేశాలకు వెళ్ళారు, నేను నాన్న ఆరోగ్యం బాగాలేక తిరుపతికి వచ్చేశాను. ఆ మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మళ్ళీ చూశాను. చిన్నప్పుడు ఏటా చూసిందే. కానీ అన్నేళ్ళు మెటల్ పాడి వచ్చాక ఆ పలకల (డప్పుల) మోత, ఆ రంగులు పూసుకున్న ముఖాలు, ఆ కోపం చూస్తే నేను ఇంతకాలం వెతుకుతున్నది ఇక్కడే ఉందనిపించింది.

వేరే జిల్లాల వాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను. తిరుపతి ప్రాంతాన్ని ఏలే ఒక పాలెగాడు ఆడవాళ్ళను చెరబట్టేవాడు. అవిలాలలో పుట్టి కైకాల వారింట పెరిగిన గంగమ్మ మీద కూడా వాడి కన్ను పడింది. పట్టుకోబోతే ఆమె విశ్వరూపం చూపించింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి పట్టుకోవడానికి ఆమె రోజుకో వేషం వేసి తిరిగింది: బైరాగి, బండ, తోటి (ఊరి పనివాడు), ఆ తర్వాత దొర. దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటికి రాగానే తల నరికింది. ఆ మరునాడు మాతంగి వేషంలో వెళ్ళి వాడి భార్యను ఓదార్చింది. జాతరలో ఈ వేషాలు ఇప్పటికీ వేస్తారు. బైరాగికి ఒళ్ళంతా తెల్లటి పూత, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. నార్వేలో పెరిగిన బ్లాక్ మెటల్ అనే శాఖ వాళ్ళు ముఖానికి తెలుపూ నలుపూ పూసుకుంటారని ఎవరైనా వింతగా చెబితే మా ఊరివాళ్ళకు అందులో వింతేమీ కనపడదు.

ఇంత కథ ఇంటి ముందు పెట్టుకుని నేను నార్వే దేవుళ్ళ మీద ఎందుకు పాడాలి? ఒక్కో వేషానికి ఒక్కో పాట అని ఆ వారంలోనే నిర్ణయించుకున్నాను.

ఇంగ్లండ్ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ సోలో ఆల్బమ్‌లు నాకు పాఠ్యపుస్తకాల కింద లెక్క. 1990లో మొదటిది చేశాడు, 1993లో బ్యాండు వదిలేశాడు. 1996 నాటి 'స్కంక్‌వర్క్స్'ను కొత్త బ్యాండు పేరుతో తేవాలని ఆయన ఆశపడితే కంపెనీ పట్టుబట్టి ఆయన పేరే వేయించింది. 1998లో గిటారిస్టు, నిర్మాత రాయ్ జీతో కలిసి 'ది కెమికల్ వెడ్డింగ్' చేశాడు. విలియమ్ బ్లేక్ అనే ఇంగ్లీషు కవి రాతల్లోంచి పుట్టిన ఆల్బమ్ అది. తన దేశపు కవిని అంత బరువైన గిటార్ల మధ్య నిలబెట్టడం నాకు గొప్పగా తోచింది. ఇంకో సంగతి. 2005 ఆల్బమ్‌కు రాయ్ జీ రిఫ్‌లు (పదే పదే వచ్చే గిటార్ ముక్కలు) రికార్డు చేసి పంపితే, అప్పటికి మెయిడెన్‌లో మళ్ళీ చేరిన డికిన్సన్ ఆ బ్యాండు టూర్లలో తిరుగుతూ వాటికి బాణీలు, మాటలు రాసుకున్నాడు. గిటారిస్టు ఎక్కడో ఉన్నా పని జరుగుతుందన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది. విదేశంలో ఉన్న మా పాత గిటారిస్టుకు ఫోన్ చేస్తే "నువ్వు మాటలు పంపు మామా, రిఫ్‌లు నేను చూసుకుంటా" అన్నాడు.

మాటలు రాయడమే అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది. ఇంగ్లీషు మాట చాలాసార్లు హల్లు మీద ఠక్కున ఆగుతుంది. మన మాట అచ్చుతో ముగుస్తుంది. మామూలు పాటకు అది వరం, గ్రౌల్‌కు (మెటల్‌లో పాడే మోటు అరుపుకు) మాత్రం జాగ్రత్తగా వాడుకోవాలి. 'ఉ', 'ఇ' దగ్గర నోరు ముడుచుకుంటుంది కాబట్టి పాదం చివర "వచ్చాడు", "నరికింది" అని రాస్తే అరుపు అక్కడ చప్పబడిపోతుంది. 'ఆ', 'ఓ' మీద ఆపితే నోరు పూర్తిగా తెరుచుకుని శబ్దం నిండుగా వస్తుంది. అందుకని ప్రతి పాదాన్నీ తిరగేసి "రారా", "దొరో", "చూడరా" లాంటి చోట్ల ఆగేట్టు మార్చాను. ఇక కత్తి, ముక్క, తెగ్గొట్టు లాంటి ఒత్తులున్న మాటలు డబుల్ బేస్ డ్రమ్ము మీద ఎంత బాగా కూర్చుంటాయో చెప్పలేను. తెలుగు మెత్తటి భాష, మెటల్‌కు పనికిరాదు అనేవాళ్ళు జాతరలో ఒక పూట నిలబడి వినాలి.

బండ వేషం రోజు బూతులు తిట్టడం ఆచారం. ఆ తిట్లు పాటలో పెట్టలేదు. ఊరంతా కలిసి, అమ్మవారి కోసం తిట్టేటప్పుడు వాటికున్న అర్థం రికార్డులో ఉండదు. గుడిలో జరిగేదేదీ రికార్డు చేయకూడదని కూడా ముందే అనుకున్నాను.

గొంతు సంగతికొస్తే, అరవడం అంటే గొంతు పాడుచేసుకోవడమేనని ఇంట్లో ఒకటే టెన్షన్. నిజానికి గ్రౌల్ పాడేటప్పుడు మోటుగా వచ్చే ఆ శబ్దం చాలావరకు అసలు స్వర తంత్రులకు పైన ఉండే మడతలు అదరడం వల్ల వస్తుంది. గాలి పొట్ట దగ్గర్నుంచి రావాలి, మెడ బిగించకూడదు. నొప్పి పుట్టిందంటే పద్ధతి తప్పినట్టే, ఆ రోజుకు ఆపేయాలి. అమ్మ నమ్మలేదు. సరే అని రికార్డింగుకు ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర స్వరపేటిక పరీక్ష చేయించుకున్నాను. తంత్రుల మీద కాయలేమీ లేవని ఆయన చెప్పాక ఇంట్లో కాస్త శాంతించారు.

స్టూడియో తిరుపతిలోనే దొరికింది. అక్కడ జరిగేవన్నీ దాదాపు భక్తి పాటలు. ఇంజనీరు అన్న మొదటి రోజు నా అరుపు విని హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు. కాసేపాగి "తమ్ముడూ, ఊపిరి భలే పట్టినావే" అన్నాడు. ఏళ్ళ తరబడి గోవింద నామాలు, సంకీర్తనలు రికార్డు చేసిన మనిషి కదా, ఆయన చెవి ఊపిరి మీదే ఉంటుంది. ఏ మాట నలిగిందో, ఏ పాదంలో గాలి చాలలేదో నాకంటే ముందు ఆయనే పట్టేవాడు. మెటల్ తెలిసిన ఇంజనీరు కోసం చెన్నై వెళ్ళమని చాలామంది సలహా ఇచ్చారు. వెళ్ళనందుకు సంతోషంగా ఉంది. నా తెలుగు స్పష్టంగా వినిపిస్తోందంటే అది ఆ అన్న చలవే.

అసలు పని పలకలది. జాతరలో వాయించే ఒక బృందాన్ని మాకు తెలిసినాయన ద్వారా కలిశాను. బృందం పెద్దాయనకు ఫోన్‌లో ఒక డెమో వినిపించి, ఇట్లా పాడతాను, మీరు వాయిస్తారా అని అడిగాను. ఆయన చివరి దాకా విన్నాడు. "గంగమ్మ కథ గదా నాయనా. మెల్లగా పాడితే పాలెగాడు బెదరతాడా?" అన్నాడు. ఆల్బమ్ గురించి నాకు దక్కిన మొదటి మంచి మాట అది.

స్టూడియోలో మొదటి ప్రయత్నం నడవలేదు. పలకను మంట దగ్గర కాస్తేనే చర్మం బిగిసి శబ్దం ఖంగుమంటుంది. ఏసీ గదిలో కాసేపటికే చర్మం సడలిపోతోంది. పైగా వాళ్ళు చెవిలో మెట్రోనోమ్ టిక్కుటిక్కు వింటూ వాయించరు, ఒకరినొకరు చూసుకుంటూ వాయిస్తారు. వేగం పెరగాల్సిన చోట పెరుగుతుంది. గిటారిస్టు ముందే పంపిన రిఫ్‌లు నాలుగు మాత్రల లెక్కలో ఉన్నాయి. వీళ్ళ దెబ్బ ఆరు మాత్రల నడక. రెండూ ఒకచోట పెడితే ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కంప్యూటర్‌లో ప్రతి దెబ్బనూ జరిపి గీతల మీద కూర్చోబెట్టొచ్చు, ఆ సౌకర్యం ఉంది. అలా చేసిన ముక్క విన్నాను. జాతర పోయి యంత్రం మిగిలింది.

అందుకే మొత్తం తిరగేశాం. ఊరి బయట మామిడితోటలో ఒక రేకుల షెడ్డు దొరికింది. బయట మంట, లోపల మైకులు. పలకకు దగ్గరగా ఒక మైకు, షెడ్డు మోత పట్టడానికి దూరంగా రెండు. వాళ్ళ ఇష్టం వచ్చిన వేగంలో వాయించమని, ఆ రికార్డింగునే పునాదిగా పెట్టుకున్నాం. ఎక్కడ వేగం పెరిగిందో కంప్యూటర్‌లో గుర్తులు పెట్టి ఆ ఫైలు గిటారిస్టుకు పంపాను. రిఫ్‌లు మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది పాపం. వారం పాటు సరిగా మాట్లాడలేదు కూడా. కానీ తోటి వేషం పాటకు అతను పంపిన కొత్త రిఫ్ విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది.

డబ్బు, హక్కుల మాట ముందే కాగితం మీద పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మాటలు వేరు, సంగీతం వేరు, రికార్డింగు వేరు. మూడింటికీ విడివిడిగా హక్కులుంటాయి. మెటల్ గాయకుడు ఓజీ ఆస్బర్న్ 1980 నాటి మొదటి సోలో ఆల్బమ్‌లో బాస్ వాయించిన బాబ్ డెయిస్లీ, డ్రమ్స్ వాయించిన లీ కెర్స్‌లేక్ రాయల్టీల కోసం కోర్టుకెక్కారు. 2002లో మళ్ళీ విడుదల చేసినప్పుడు వాళ్ళ వాయింపు తీసేసి వేరేవాళ్ళతో వాయింపించి పెట్టారు. అసలు వాయింపు 2011 ఎడిషన్‌లో గానీ తిరిగి రాలేదు. అంత గొప్ప రికార్డుకు అట్లా జరగడం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే పలక బృందానికి ఆ రోజు కూలి ఇచ్చి ఊరుకోకుండా, వచ్చేదాంట్లో వాటా రాసి, అందరి పేర్లూ అట్ట మీద వేయించాను.

మిక్సింగు, మాస్టరింగు గురించి ఒక్క మాటే. స్పాటిఫై లాంటి పాటల యాప్‌లు పాట శబ్దాన్ని మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత బిగ్గరో చెప్పే కొలత) దగ్గరికి సర్దేస్తాయి. పక్కవాళ్ళ పాటకన్నా బిగ్గరగా ఉండాలని పిండి పిండి చేస్తే లాభం లేదు, పలక దెబ్బలోని మొన పోతుంది. కాస్త ఖాళీ వదలండి.

విడుదల దగ్గర విసుగు పుట్టింది. పాటలను యాప్‌లకు పంపే సంస్థ ఒకటి, పేరులో గంగమ్మ ఉందని ఆల్బమ్‌ను భక్తి విభాగంలో పడేసింది. దాన్ని మార్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇక రాబడి సంగతి. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటను ఏడాదిలో కనీసం 1000 సార్లు వినకపోతే ఆ పాటకు రాయల్టీ రాదు. మాలాంటి వాళ్ళకు అది చిన్న గడప కాదు. సంగీతకారులు నేరుగా అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం, చెల్లింపుల ఖర్చు పట్టుకుని మిగతాది మనకిస్తారు. ఎవరో ఒక అభిమాని అక్కడ ఆల్బమ్ కొంటే వచ్చేది, ఎన్నో వందల మంది యాప్‌లో ఊరికే వింటే వచ్చేదానికన్నా ఎక్కువ. టీషర్టులు ఇంకా నయం.

విన్నవాళ్ళు ఏమన్నారంటే, బెంగళూరు మిత్రులు పలకలకు మురిసిపోయారు, తెలుగు అర్థం కాకపోయినా ఫర్వాలేదన్నారు. ఇంగ్లీషులో పాడి ఉంటే బయటి దేశాలకు వెళ్ళేదని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. ఢిల్లీ బ్యాండు బ్లడీవుడ్ హిందీ, పంజాబీ మాటలతో, ఢోల్‌తో 2019లో జర్మనీలోని వాకెన్ మెటల్ ఉత్సవంలో వాయించింది. అక్కడి జనానికి ఏ అనువాదం అవసరం పడలేదు.

ఊళ్ళో మాత్రం అమ్మవారిని దెయ్యం గొంతుతో పాడడమేంటని ఒకరిద్దరు పెద్దవాళ్ళు కోప్పడ్డారు. వాళ్ళ కోపం నాకు తప్పనిపించలేదు. మాటలు అచ్చువేసిన కాగితం తీసుకెళ్ళి కూర్చుని చదివి వినిపించాను. మోటు గొంతు పాలెగాడిదీ, విశ్వరూపానిదీ. మాతంగి పాట మొత్తం మామూలు గొంతుతోనే ఉంది. ఒకాయన మెత్తబడ్డాడు, ఇంకొకాయన లేదు. అంతే.

అమ్మ ఆ మాతంగి పాట ఒక్కటే పూర్తిగా వింది. "మొగుణ్ణి చంపినామె వచ్చి ఓదారిస్తే ఆ పిల్లకు ఎట్లుంటాది రా" అంది. నేను ఆ పాటంతా ఓదార్చే గంగమ్మ వైపు నుంచే రాశాను. పాలెగాడి భార్య వైపు నుంచి ఇప్పుడు ఇంకో పాట రాస్తున్నాను.

హైదరాబాదులో ఆల్బమ్ మొత్తం పలకలతో సహా వాయించమని పిలుపు వచ్చింది. గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ బ్యాండు పుట్టిన ఊరు, వినేవాళ్ళకు కొదవ లేదు. చిక్కంతా హాల్లో మంట పెట్టనివ్వకపోవడం. హెయిర్ డ్రయర్‌తో కాచి చూశాం, రెండు పాటలకే చర్మం సడలిపోతోంది. వెనకవైపు బయట ఖాళీ జాగా ఉందేమో కనుక్కోమన్నాడు పెద్దాయన. అడిగాను, వాళ్ళు ఫైర్ డిపార్ట్‌మెంట్ అనుమతి తెచ్చుకోమంటున్నారు. ఆ దరఖాస్తు పనిమీదే ఉన్నాను.